కొండ దిగి వచ్చిన సామి

మొన్న సామి ఆరాధనకు పోయాను. పోకూడదని ఎన్నేళ్లుగానో అనుకుంటూనే ఉన్నా. మనవడు కారు తీశాడు, కోడలు కొబ్బరికాయలు సంచిలో సర్దింది, నేనూ ఎక్కి కూర్చున్నాను. నల్లమల మొదట్లో, మా చిన్నప్పుడు ముళ్లకంపలు తప్ప ఏమీ లేని చోట, ఇప్పుడు పాలరాతి సమాధి మందిరం ఉంది. రేకుల షెడ్డు, అన్నదానానికి పొడుగాటి హాలు వచ్చాయి. కాషాయం కట్టిన ఒకాయన మైకు ముందు కూర్చుని సామి మహిమలు చెబుతున్నాడు. మంచి గొంతు. పులి వచ్చి పాదాల దగ్గర పడుకున్న కథ అయింది. తరువాత, "చచ్చిపోయిన రైతుబిడ్డను ఒళ్లో పెట్టుకుని ఊపిరి పోసి లేపిన మహాయోగి" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. నా పక్కనున్న ఆడమనిషి కళ్లు తుడుచుకుని చెంపలు వేసుకుంది.

ఆ రైతు మా నాయన. ఆ బిడ్డ మా తమ్ముడు. వాడు లేవలేదు.

ఇంటికి వచ్చినప్పటి నుంచీ నాకు అన్నం సయించడం లేదు. ఎనభై దాటి చాన్నాళ్లయింది. ఆ రోజు తమ్ముడిని తీసుకుపోయిన బండిలో ఉన్నవాళ్లలో మిగిలింది నేనొక్కదాన్నే. అందుకని చెబుతున్నాను.

మా ఊరు ఆళ్లగడ్డకు తూర్పున, పొద్దున లేస్తే కొండ కనిపించేంత దూరంలో ఉండేది. యుద్ధం రోజులు అవి. ఎక్కడి యుద్ధమో, ఎవరితో యుద్ధమో మాకు తెలియదు. కిరసనాయిలు దొరకదని, గుడ్డ దొరకదని, నంద్యాల బస్సు బొగ్గుతో నడుస్తుందని మాత్రం తెలుసు. ఆళ్లగడ్డకు పోయినప్పుడు ఆ బస్సు వెనకాల నిలబడి, దాని పొగ పీల్చి, ఒకరినొకరు చూసుకుని దగ్గేవాళ్లం. అదొక గొప్ప మాకు.

ఇంట్లో తెల్లవారేది రొట్టె తట్టే చప్పుడుతో. అమ్మ జొన్నపిండిని పీట మీద తడుతుంటే ఆ చప్పుడుకే మెలకువ వచ్చేది. పొయ్యిలో కందికట్టె మండుతున్న వాసన, పెనం మీద రొట్టె అంచు మాడిన వాసన, రోట్లో జేజి నూరే ఊరిబిండి పచ్చడి వాసన. జేజి అంటే నాయన వాళ్లమ్మ. ఆమెకు పళ్లు లేవు కాబట్టి వేయించిన బుడ్డలు, అదే వేరుశనగ గింజలు, రోట్లో మెత్తగా నూరుకునేది, మేము దొంగతనంగా వేళ్లు పెట్టి నాకితే రోకలి ఎత్తేది. ఎప్పుడూ కొట్టలేదు.

నాకు ఎనిమిదో ఏడు, తమ్ముడికి ఐదో ఏడు నడుస్తోంది. చిన్నోడా అని పిలిచేవాళ్లం. వాడికి కాళ్లు నేల మీద నిలిచేవి కావు. పంది పిల్లల వెంట పడేవాడు, ఎద్దు తోక పట్టుకుని వేలాడేవాడు, పడి మోకాళ్లు పగలగొట్టుకుని వచ్చి రక్తం నాకు చూపించి, "అమ్మకు చెప్పాకు" అనేవాడు.

కొండ మీద, వాగు మలుపు తిరిగే చోట ఒక గుహ. అందులో సామి. ఆయన పేరు ఎవరికీ తెలియదు. శ్రీశైలం అడవుల్లో ఎక్కడెక్కడో కూర్చున్నాడని, శ్మశానాల్లో ఉపాసన చేశాడని, ఊపిరి బిగపట్టి పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకేదాకా కదలకుండా ఉండగలడని పెద్దవాళ్లు అరుగుల మీద చెప్పుకునేవాళ్లు. గుహలో ఒక రాగిరేకు ఉండేది. దాని మీద త్రికోణాలలో త్రికోణాలు గీసి ఉండేవి, కుంకుమ రాసి రాసి గీతలు ఎర్రగా నిండిపోయి ఉండేవి. గుగ్గిలం వాసన, గబ్బిలాల వాసన, తడిరాతి వాసన కలిసిన చల్లదనం. నంద్యాల నుంచి, ఉయ్యాలవాడ నుంచి, ఇంకా ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చి ఆయన కాళ్ల మీద పడేవాళ్లు. కొందరికి మంత్రం ఇచ్చేవాడు, వెన్ను నిటారుగా పెట్టి ఊపిరి ఎట్లా చూసుకోవాలో నేర్పేవాడు. మా నాయన వాళ్లలో ఒకడు. సామి మాత్రం ఎప్పుడూ కొండ దిగేవాడు కాదు. తిండి కింది నుంచే పోయేది. మా ఇంటి రొట్టెలు వారానికి ఒకసారి నేనూ తమ్ముడూ మోసుకుపోయేవాళ్లం.

"మా జేజి వాళ్ల జేజి కూడా నిన్ను ఇట్లే చూసిందంట గదా సామీ?" అని ఒకసారి అడిగాను.

"మీ జేజికి లెక్కలు రావు పాపా" అన్నాడు.

పులి సంగతి కూడా అడిగాను. "వచ్చింది. నన్ను చూసి అది పారిపోయింది. దాన్ని చూసి నేనూ పారిపోయినా" అని ఆయన నవ్వితే, తమ్ముడు నేల మీద పడి దొర్లి దొర్లి నవ్వాడు.

పెద్దవాళ్ల ముందు ఆయన అంతగా మాట్లాడేవాడు కాదు. మాతో వేరు. ఆయన కళ్లు మూసుకుని కూర్చున్నప్పుడు తమ్ముడు నెమలీక తెచ్చి ముక్కు దగ్గర ఆడించేవాడు. ఎంతసేపటికీ సామి కదిలేవాడు కాదు. తమ్ముడు విసుగెత్తి వెళ్లిపోబోతుంటే అప్పుడు "హాచ్" మని పెద్దగా తుమ్మేవాడు. ఇంకోసారి వాడు విభూతి పళ్లెం మొత్తం ఒంటికి పూసుకుని, ఆయన తావులో కాళ్లు ముడుచుకుని కూర్చుంటే, కోయిలకుంట్ల నుంచి వచ్చిన పెద్దమనుషులు ముందు వాడికే దండం పెట్టారు. సామి ఒక మూల నిలబడి చూస్తూ ఉండిపోయాడు.

నాయనకు మంత్రం ఇచ్చాడని తెలిసి తమ్ముడు తనకూ కావాలని ఒకటే గోల. ఒకరోజు సామి వాడిని ఒళ్లోకి లాక్కుని, పైగుడ్డ కప్పి, చెవిలో ఏదో చెప్పాడు. "ఎవురికీ చెప్పగూడదు" అన్నాడు. కొండ సగం దిగకముందే తమ్ముడు నా చెవి పట్టుకుని వంచి చెప్పేశాడు: "బుడ్డలు బెల్లం, బుడ్డలు బెల్లం." ఇంటికి పోయేదాకా అదే జపం.

సామి వాడి అరచేయి తన పొట్ట మీద పెట్టించుకుని ఊపిరి కూడా నేర్పాడు. "ఈడ పుడ్తాది. ఈడికొస్తాది. పోతాది. పోయేదాన్ని పట్టుకోగూడదు. పోనీ. మళ్లా అదే వస్తాది." తమ్ముడు బుగ్గలు పూరించి, ముఖం కందిపోయేదాకా బిగబట్టి, "నేను పట్టుకున్నా సామీ!" అని అరిచాడు. సామి నవ్వి నవ్వి దగ్గాడు.

నాయనకు భక్తుల కథలంటే ప్రాణం. మడక దున్నుతూ కూడా చెప్పేవాడు. ఆ కథలన్నిటిలోనూ గురువు ముందు కాదంటాడు, తిడతాడు, వాకిలి వేసుకుంటాడు. శిష్యుడు ఎండలో వానలో అక్కడే కూర్చుంటాడు. చివరికి గురువు కరిగి అడిగింది ఇస్తాడు. మాకూ ఆ కథలు ఇష్టమే. చివర ఏమవుతుందో ముందే తెలుసు కాబట్టి ఇంకా ఇష్టం. అమ్మ మాత్రం కొండకు ఎప్పుడో గాని పోయేది కాదు. పనులు తెమలవని అనేది. కోడలికి భక్తి లేదని జేజి గొణిగేది.

బుడ్డలు పీకే కాలం వచ్చింది. చేలన్నీ పచ్చికాయల వాసన. పిల్లలందరం కయ్యల్లో కూర్చుని మట్టితోనే తినేవాళ్లం. రెండు రోజులకు తమ్ముడు గొంతు నొప్పి అన్నాడు. పచ్చికాయలు తిన్నందుకే అనుకున్నారు. జేజి మిరియాల కషాయం తాగించింది. అది మింగలేక కక్కేశాడు. ఒళ్లు కాలింది. మెడ రెండువైపులా ఉబ్బింది. ఊపిరి తీస్తుంటే పిల్లనగ్రోవిలో పుల్ల అడ్డుపడినట్టు చప్పుడు. జేజి ఉప్పు, మిరపకాయలు దిగదుడిచి పొయ్యిలో వేసింది. అమ్మ వాడిని వాకిట్లో ఎండకు కూర్చోబెట్టి నోరు తెరిపించి చూసింది. గొంతులో తెల్లగా పొర కనిపించింది. నేనూ చూశాను.

"సామి దగ్గరికి ఎత్తకపో అబ్బోడా" అంది జేజి నాయనతో. నాయన అప్పటికే తలగుడ్డ చుట్టుకుంటున్నాడు.

తమ్ముడు నా వేలు వదలకపోవడంతో నన్నూ తీసుకుపోయారు. ఊళ్లో మగవాళ్లు నలుగురైదుగురు వెంట వచ్చారు. మధ్యాహ్నం ఎండ గుహ ముందు బండ మీద పడుతోంది. సామి వాడిని అక్కడ పడుకోబెట్టించి, గడ్డం పట్టుకుని నోరు తెరిపించి చాలాసేపు చూశాడు. వాసన చూశాడు. లేచేటప్పటికి ఆయన ముఖం వేరేగా ఉంది.

"ఇది నా చేత కాదప్పా. పాలెంలో బడిపంతులు బిడ్డకు ఇట్లే అయ్యింటే నంద్యాల మిషను ఆసుపత్రిలో దొరసాని సూదేసి బతికించింది. పంతులే నాకు చెప్పినాడు. బండి కట్టు. ఇప్పుడే పో" అన్నాడు.

నాయన చేతులు కట్టుకుని చిన్నగా నవ్వాడు. "నువ్వుండంగా మాకు నంద్యాల యాల సామీ?"

"నా దగ్గర ఏం లేదు. ఇంటాండావా? ఏం లేదు. పో."

నాయన బండ మీద బాసిపట్టు వేసుకుని కూర్చున్నాడు. వెనక నుంచి ఎవరో, "పరీక్ష పెడ్తాండాడప్పా, కదలొద్దు" అన్నారు. సామి అరిచాడు. ఆయన అరవడం నేను అంతకుముందు ఎన్నడూ వినలేదు. తమ్ముడు ఉలిక్కిపడి నా వేలు గట్టిగా పట్టుకున్నాడు. నాయన కళ్లు మూసుకున్నాడు. ఆయన పెదవులు మంత్రం జపిస్తున్నాయి.

అప్పుడు సామి తన చేతికట్టె తీసి నాయన వీపు మీద కొట్టాడు. "లెయ్! బిడ్డ చస్తాడు, లెయ్!" అని ఇంకో దెబ్బ. నేను గట్టిగా ఏడ్చాను.

నాయన ముఖం వెలిగిపోయింది. ఆ మాట ఎట్లా చెప్పాలో నాకు తెలియదు. దీపం పెట్టినట్టు వెలిగింది. వెంట వచ్చినవాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. "సామి దెబ్బ పడిందప్పా! నువ్వు అదృష్టవంతుడివి. ఇంక బిడ్డకు భయం లేదు!" నాయన సాష్టాంగపడి, వాడిని భుజాన వేసుకుని, పరుగులాంటి నడకతో దిగాడు. నేను వెనక్కి చూశాను. కట్టె కింద పడి ఉంది. సామి రెండు చేతులతో నుదురు కొట్టుకుంటున్నాడు.

అమ్మ వాకిట్లోనే ఉంది. "ఏమన్నాడు?"

"కొట్టినాడు!" అని నాయన చొక్కా ఎత్తి వీపు చూపించాడు.

"నోటితో ఏమన్నాడు?"

"నంద్యాలకు పొమ్మన్నాడు. అది..."

"అయితే పా. బండి కట్టు."

"అది పరీక్షమ్మే."

"సామి మాటకు అర్థం నీకేం తెలుసే?" అంది జేజి.

"నంద్యాల అంటే నంద్యాలే గదా అత్తా. దానికి ఇంకేం అర్థముంటాది?"

అమ్మ జేజికి ఎదురు చెప్పడం అదే మొదటిసారి. ఎవరూ ఆమె మాట వినలేదు. దెబ్బ తగిలిన వీపు చూడడానికి ఊరు ఊరంతా మా వాకిట్లోకి వచ్చింది. ఆడవాళ్లు ఆ చారల మీద వేళ్లు పెట్టి కళ్లకు అద్దుకున్నారు. తెల్లారేసరికి వాపు దిగిపోతుందని అందరూ అన్నారు. అమ్మ ఇద్దరు ముగ్గురు ఇళ్లకు పోయి బండి అడిగింది. మొగుడు వద్దంటుంటే ఎవరిస్తారు? తిరిగి వచ్చి బిడ్డను ఒళ్లో నిటారుగా పెట్టుకుని గోడకు ఆనుకుంది. అట్లాగే తెల్లవారింది. వాపు దిగలేదు.

ఎండెక్కకముందే వీధిలో కేకలు వినిపించాయి. "సామి దిగినాడు! సామి కొండ దిగినాడు!"

వచ్చాడు. కట్టె లేకుండా, చెప్పులు లేకుండా, మోకాళ్లకు గీరుకుపోయిన రక్తంతో వచ్చాడు. నేరుగా మా ఇంటి కోసమే చూస్తున్నాడు. ఊరు ఆయనను రానిస్తేనా? ప్రతి వాకిటి ముందూ కడవెడు నీళ్లతో కాళ్లు కడిగారు. హారతులు పట్టారు. తప్పెట్లు తెచ్చారు. మా ఇంట్లో కాలు పెట్టమని ఒకరు, మా బిడ్డ తల మీద చెయ్యి పెట్టమని ఒకరు. "ఆ పిల్లోడు యాడ? పోయినారా? ఉండారా?" అని ఆయన అడుగుతూనే ఉన్నాడు.  మా ఇంటికి చేరేసరికి పొద్దు బాగా పైకి వచ్చింది.

తమ్ముడిని చూసి ఆయన నిలబడిపోయాడు. తరువాత నాయన దిక్కు తిరిగి మెల్లగా అన్నాడు: "నాయనా, నేను నీ గురువును గదా. నా మాట ఇంటావు గదా. ఎద్దుల్ని కట్టు."

అప్పుడు నాయన కట్టాడు. రెండు మూడుసార్లు చుట్టినా పలుపు ముడి పడలేదు. అమ్మే వేసింది.

బండిలో సామి, ఆయన ఒళ్లో తమ్ముడు, పక్కన అమ్మ, వాడు నా వేలు వదలలేదు కాబట్టి నేను. ఆళ్లగడ్డ చేరేసరికి బొగ్గు బస్సు పోయింది. మళ్లీ మరుసటి రోజే. నాయన ఎద్దులను అట్లాగే నంద్యాల దారి పట్టించాడు. వాటిని కొట్టని మనిషి ఆ రోజు కొట్టాడు.

సామి కళ్లు మూసుకోలేదు. మంత్రాలు చదవలేదు. తమ్ముడిని తన రొమ్ముకు ఆనించి నిటారుగా పట్టుకున్నాడు, గతుకు వచ్చినప్పుడల్లా తన ఒంటితో ఆపుకుంటూ. తడిగుడ్డతో పెదవులు తుడుస్తూ, "పోనీ... రానీ... పోనీ... రానీ" అని వాడితో పాటు ఊపిరి తీస్తున్నాడు.

"రాల్యా సామీ" అన్నాడు తమ్ముడు. అది మాట కూడా కాదు, గాలి. నాకు అర్థమైంది.

నేను వంగి వాడి చెవిలో "బుడ్డలు బెల్లం" అన్నాను. వాడి పెదవులు కదిలాయి. సామి తల పక్కకు తిప్పుకున్నాడు.

శిరివెళ్ల ఇంకా రాలేదు. దారిలో ఒక ఊరు. సైకిలు మీద ఎవరో ముందే పోయి చెప్పినట్టున్నారు. కొండ దిగని సామి దిగాడని ఊరంతా రోడ్డు మీద ఉంది. కాడికి పూలదండలు చుట్టారు. చక్రాలు పట్టుకున్నారు. కొబ్బరికాయలు కొడుతున్నారు. నాయన "దారి ఇడ్సండప్పా, బిడ్డకు బాగల్యా" అని అరుస్తున్నాడు. తప్పెట్ల చప్పుడులో ఆ కేక ఎవరికి వినిపిస్తుంది? సామి బండిలో మోకాళ్ల మీద లేచి, బిడ్డను ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చెయ్యి తలమీదికెత్తి దండం పెట్టాడు. "మీ కాళ్లు మొక్కుతా. దారి ఇడ్సండి. మీ కాళ్లు మొక్కుతా తల్లీ!" వాళ్లు దాన్ని వినయం అనుకున్నారు. అంత మహానుభావుడు తమకు మొక్కుతున్నాడని ముందున్నవాళ్లందరూ రోడ్డు మీదే బోర్లా పడి మొక్కారు. ఎద్దులు ఎటు పోతాయి?

ఎవరో బండి పక్కనే శంఖం ఊదారు. ఆ మోతకు తమ్ముడు కళ్లు పెద్దగా తెరిచాడు. చుట్టూ చూశాడు. జనాన్ని చూశాడు, పూలదండలను చూశాడు.

"లేచినాడు! బిడ్డ లేచినాడు!" అని ఒక గొంతు. ఆ వెంటనే ఊరంతా అదే కేక. ఏడ్చేవాళ్లు, ఎగిరేవాళ్లు. సామి మహిమల్లో చెప్పే కథ అక్కడ పుట్టింది. వాళ్లు అబద్ధం చెప్పలేదు. వాళ్లు చూసింది అంతే.

అప్పుడు అమ్మ బండి దిగింది. నాయన చేతిలోని ముల్లుకర్ర లాక్కుంది. ఇంటి వాకిలి దాటి గొంతెత్తని మనిషి, కొంగు నడుముకు బిగించి, పడుకున్న భక్తులను ఎడాపెడా పొడుస్తూ, బూతులు తిడుతూ, ఎద్దుల ముందు నడిచింది. జనం చీలింది. పిచ్చిదని ఎవరో అన్నారు. బండి ఊరు దాటింది.

శిరివెళ్ల దాటాం. రెండువైపులా నల్లరేగడిలో జొన్న మనిషెత్తు పెరిగి ఉంది. గాలికి ఆకులు రాసుకుంటున్న చప్పుడు. చక్రాల చప్పుడు. ఆ రెండింటి మధ్య వాడి ఊపిరి చప్పుడు కోసం వింటూ కూర్చున్నాను. నా వేలు చుట్టూ బిగువు ఎప్పుడు సడలిందో నాకు తెలియలేదు. సామి "పోనీ" అన్నాడు. "రానీ" అనలేదు.

"అమ్మా" అన్నాడు సామి, అమ్మను చూసి. అంతే.

నాయనకు తెలియదు. ఎద్దులను అదిలిస్తూనే ఉన్నాడు. "ఇంకొంచెమే, నంద్యాల వచ్చేస్తాది చిన్నోడా, వచ్చేస్తాది" అంటూనే ఉన్నాడు. అమ్మ ఏడవలేదు. కాసేపు ఆయన వీపు వైపు చూసింది. చొక్కా చెమటకు అంటుకుని ఉంది. తరువాత, "బండి తిప్పు" అంది.

సామి బిడ్డను అమ్మ చేతుల్లో పెట్టి, దిగి, రోడ్డు పక్కన మట్టిలో కూర్చుని ఏడ్చాడు. కొంగు కప్పుకుని ఏడ్చే ఏడుపు కాదు. నోరు తెరిచి, పిల్లలు ఏడ్చినట్టు ఏడ్చాడు. గడ్డిమోపులతో పోతున్నవాళ్లు ఆగారు. వాళ్లలో ఒక ముసలామె, "సన్యాసికి ఏడుపేంది సామీ?" అంది.

"ఏడుపు రాకుండా చేసుకునేదానికి కాదమ్మా నేను కూర్చున్నేది" అన్నాడు.

తమ్ముడిని మా చేని చివర, వాగు గట్టున పూడ్చారు. సామి చేతులతో మట్టి తీశాడు. మా వెంటే ఇంటికి వచ్చి వాకిట్లో నేల మీద కూర్చున్నాడు. జేజి ఆయన కాళ్లు పట్టుకుని, "ఏం తప్పు చేసినామని తీస్కపోయినావు సామీ?" అని తల బాదుకుంది. ఆమెకు అప్పటికీ ఆయనే ఇచ్చేవాడు, ఆయనే తీసుకునేవాడు. నాయన ఒక స్తంభానికి ఆనుకుని ఎవరినీ చూడడం లేదు.

అమ్మ లోపలి నుంచి వచ్చింది. జేజి చేతులు ఆయన పాదాల నుంచి విడదీసింది. ఆయన ఎదురుగా నిలబడింది.

"నీ దగ్గర ఏం లేదని మొన్న కొండ మీద చెప్పినావంట. ఇన్నేండ్లు మొక్కినప్పుడు యాల చెప్పలేదు?"

 జేజి నోటి మీద చెయ్యి వేసుకుంది. సామి అమ్మ ముఖంలోకి చూశాడు.

"నిజమే తల్లీ. ఎవురన్నా మొక్కితే కాదనల్యా. ఊపిరి సంగతి చెప్తే చాలు, మిగతాది వాళ్లే తెలుసుకుంటారులే అనుకున్నా."

"వాళ్లు తెలుసుకోలేదు" అంది అమ్మ.

ఆయన లేచాడు. వంగి అమ్మ కాళ్లకు దండం పెట్టాడు. "నా మాట మాటగా ఇన్నేది నువ్వొక్కదానివే" అన్నాడు. అమ్మ వెనక్కి జరగలేదు, ఆశీర్వదించలేదు. ఆయన వీధిలోకి పోయి, కొండ దిక్కు కాకుండా, పొలాల మధ్య బాట పట్టుకుని ఉత్తరంగా నడిచాడు. ఆ తరువాత ఆయనను మా వైపు ఎవరూ చూడలేదు.

ఊరి వాళ్లు కొన్ని రోజులు చూశారు. సన్యాసి ఏడ్చాడని చెప్పుకుని కొందరు ముఖం చిట్లించారు. తరువాత ఆ మాట మరుగున పడింది. గుహలో కూర్చునే గాలిలో కలిసిపోయాడని ఎవరో అన్నారు. ఆయన కట్టె, నీళ్లచెంబు, రాగిరేకు తెచ్చి కొండ కింద పెట్టి గద్దె కట్టారు. అదే ఇప్పటి సమాధి. లోపల మనిషి లేడు.

నాయన ఆ గద్దెకు ఎప్పుడూ పోలేదు. భక్తుల కథలు చెప్పడం మానేశాడు. ప్రతి శివరాత్రికీ మాత్రం అడవి దారిన శ్రీశైలం నడిచిపోయేవాడు. గుళ్లోకి పోయేవాడో లేదో తెలియదు. దారి పొడుగునా, మెట్ల మీద, సత్రాల ముందు, కూర్చున్న ప్రతి ముసలి సన్యాసి ముఖంలోకీ తొంగి చూసేవాడని వెంట పోయినవాళ్లు చెప్పేవాళ్లు. తిరిగి వచ్చినప్పుడు అమ్మ చెంబుతో నీళ్లు ఇచ్చేది. దొరికాడా అని అడిగేది కాదు. ఆయనా చెప్పేవాడు కాదు. వాళ్లిద్దరూ ఆ తరువాత చాలా ఏళ్లు కలిసే బతికారు. ఒకరినొకరు ఒక్క మాట కూడా అనుకోలేదు. చిన్నతనంలో అది మంచితనం అనుకున్నాను. నాకు పెళ్లయి, పిల్లలు పుట్టాక, అంత మౌనం ఒకే కప్పు కింద ఎట్లా మోశారో తలచుకుంటే భయం వేసేది.

నాయన ముసలివాడయ్యాక, నేను పుట్టింటికి పోయిన ఒక సాయంత్రం, వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. నడుము నొప్పి అంటే నూనె రాస్తున్నాను. ఆ వీపు మీద ఏ గుర్తూ లేదు. ఎప్పుడో పోయింది. ఏదో ఎద్దుల సంగతి మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయాడు.

"సామి ఇంకొంచెం గట్టిగా కొట్టింటే బాగుండు పాపా" అన్నాడు.

నూనె రాయడం ఆపాను.

"నొప్పి పుట్టేటట్టు కొట్టింటే నాకు అర్థమయ్యిండేది. మెల్లగా కొట్టినాడు. నామీద దయ తలచి మెల్లగా కొట్టినాడు."

లోపల అమ్మ ఏదో పని చేస్తోంది. ఆ మాట ఆమెకు వినిపించింది. పని చప్పుడు ఆగింది. నాయనా ఆ సంగతి గమనించాడు. కాసేపటికి లోపల చప్పుడు మళ్లీ మొదలైంది. నేను నూనె రాయడం మళ్లీ మొదలుపెట్టాను, ఇంకేం చేయాలో తెలియక.